రోహిణి కార్తెలో తారు రోడ్డు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన దగ్గర నుంచి ఈ తేదీ మనకు పండుగ రోజు. ఈ సభలో కరువు భృతి గురించి, బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడడం ఆనవాయితీ. ఆ సంగతులు కార్యదర్శిగారు నాకంటె బాగా చెప్పారు. నన్ను మాత్రం, "మీరు రోడ్ల ఆఫీసులో పనిచేశారు గదా, మన రోడ్లు ఎండాకాలం వచ్చేసరికి ఎందుకు కరుగుతున్నాయో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఇంజనీరును కాను. కొత్తపేట, రాజోలు, అమలాపురం ప్రాంతాల్లో ముప్పయ్యేళ్ళకు పైగా గుమాస్తాగా బిల్లులు రాసి, స్టాకు రిజిస్టర్లు మోసి, 2009లో రిటైరయిన వాణ్ణి. ఇంజనీర్లు రోడ్డు మీద చూసినది నేను కాగితం మీద చూశాను. కాగితం కూడా కొన్ని నిజాలు చెబుతుంది.

ఇది మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఎండకు తారు పైకి ఉబికిన రోడ్డు అద్దంలా నున్నగా అవుతుంది. జూన్‌లో తొలి జల్లు పడగానే దాని మీద స్కూటరు జారుతుంది, చెప్పు జారుతుంది. కుర్రవాడు పడితే మోకాలు చెక్కుకుంటుంది. మన వయసులో పడితే తుంటి ఎముక. ఈ సభలో చేతికర్ర పట్టుకుని కూర్చున్నవారిలో ఇద్దరు నాకు ఆ కథే చెప్పారు.

ముందుగా మన పంచాంగం చూడండి. కోనసీమలో తారు పని చేయడానికి ఏడాదిలో ఎన్ని నెలలుంటాయి? జూన్ నుంచి నైరుతి వాన. అక్టోబరు, నవంబరుల్లో తుపానులు. 1996 నవంబరు 6 తుపాను మరిచినవాళ్ళు ఇక్కడెవరూ లేరు. ఆ తరువాత నేల ఆరాలి, ఎస్టిమేట్లు మంజూరు కావాలి, టెండర్లు పిలవాలి. ఈలోగా సంక్రాంతి వెళ్ళిపోతుంది. కాలువ గట్ల మీది రోడ్లకు ఇంకో చిక్కు ఉంది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తే గాని గట్టు పనులకు వీలు చిక్కదు, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదులుతారు. మార్చి నెలాఖరు బడ్జెట్టు తొందర సరేసరి. ఇన్నీ కలిసి మన తారు పనినంతా ఏప్రిల్, మే నెలల్లోకి నెట్టేస్తాయి. అంటే ఎండలో రోడ్డు వేయడం మనం కోరుకున్నది కాదు, మనకు తప్పనిది.

రోడ్ల పనులకు నియమాల పుస్తకం ఒకటుంది. గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటె తగ్గితే తారు పని ఆపివేయాలని అందులో ఉంది. నా సర్వీసు మొత్తం మీద ఆ నియమం అమలు చేయవలసిన రోజు కోనసీమలో ఒక్కటి రాలేదు. చలికి ఎక్కడ ఆపాలో అంత కచ్చితంగా చెప్పిన పుస్తకం ఎండకు ఎక్కడ ఆపాలో అలా ఒక అంకె వేసి చెప్పలేదు. తారు రోడ్డు విద్య చలి దేశాల్లో పెరిగి మన దగ్గరకు వచ్చిందనడానికి అంతకంటె సాక్ష్యం అక్కర్లేదు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. తారు పగలదు, మెత్తబడుతుంది. గాలిలో 40 డిగ్రీలున్నప్పుడు నల్లటి రోడ్డు పైభాగం 60 డిగ్రీలకు చేరుతుంది. మామూలు రోడ్డు తారు 50 డిగ్రీలకు అటూ ఇటూగానే మెత్తబడే గుణం కలది. మరి రోడ్డంతా కారిపోకుండా నిలబడుతోందంటే అది కంకర పుణ్యం. ఒకదానిలో ఒకటి బిగిసి కూర్చున్న కంకర బరువు మోస్తుంది, తారు దాన్ని విడిపోకుండా అంటిపెట్టుకుని ఉంటుంది, అంతే. మన కోనసీమలో రాయి పుట్టదు. ప్రతి కంకర ముక్కా గోదావరి దాటి రావలసిందే. అంత దూరం నుంచి వచ్చిన కంకరను సరిగా బిగించకుండా తారు మీద భారం వేస్తే రోడ్డు ఏం చేస్తుంది?

ఇంతకీ మనం తారు అంటున్నది అసలు తారు కాదు. బొగ్గు నుంచి తీసేది తారు. మన రోడ్లకు వాడేది ముడి చమురు శుద్ధి చేయగా మిగిలే బిటుమెన్. విశాఖపట్నం రిఫైనరీలోనూ ఇది తయారవుతుంది. అయినా జనం తారు అంటున్నారు కనుక నేనూ అలాగే అంటాను.

ఈ తారులో రకాలున్నాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టాకు రిజిస్టరులో 80/100 అని రాసేవాళ్ళం. అదేమిటని అడిగితే ఒక సూపర్వైజరుగారు ఓపికగా చెప్పారు. 25 డిగ్రీల దగ్గర ఉంచిన తారులో 100 గ్రాముల బరువుతో ఒక సూదిని 5 సెకండ్లు వదిలితే ఎంత దిగుతుందో కొలుస్తారు. 8 నుంచి 10 మిల్లీమీటర్లు దిగితే 80/100, 6 నుంచి 7 దిగితే 60/70. మొదటిది మెత్తన, రెండోది కొంచెం గట్టి. ఆత్రేయపురం వైపు ఆడపడుచులకు నేను దీన్ని వేరేగా చెబుతాను: లేతపాకం, ముదురుపాకం. అదే బెల్లం, అదే మూకుడు. దేనికి ఏ పాకమో తెలియడంలోనే ఉంది పనితనం.

ఆ సూది పరీక్షలో ఒక లోపం ఉండేది. 25 డిగ్రీల దగ్గర ఒకేలా ఉన్న రెండు తారులు 60 డిగ్రీల దగ్గర ఒకేలా ఉండవు. మన రోడ్డు మే నెల మధ్యాహ్నం ఉండేది 60 దగ్గర. పెళ్ళిచూపుల్లో అందరూ నెమ్మదస్థులే, కాపురంలో గదా తెలిసేది. అందుకని 2006లో మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 73ను సవరించి, 60 డిగ్రీల దగ్గర తారు ఎంత చిక్కగా ఉంటుందో కొలిచి, దాన్నిబట్టి పేర్లు పెట్టారు. వీజీ-10, వీజీ-20, వీజీ-30, వీజీ-40 అని. వీజీ-10 చిక్కదనం కనీసం 800 పాయిజులు, వీజీ-30ది 2400, వీజీ-40ది 3200. పాత 80/100 స్థానంలో వీజీ-10, 60/70 స్థానంలో వీజీ-30 వచ్చాయనుకోవచ్చు. అమెరికా వాళ్ళు 1987 నుంచి 1993 దాకా పెద్ద పరిశోధన చేసి ఇంకో పద్ధతి పెట్టుకున్నారు. అక్కడ పీజీ 64-22 అంటే రోడ్డు వేడి 64 డిగ్రీలకు చేరినా, చలి సున్నాకు దిగువన 22కు పడినా తట్టుకునే తారు అని అర్థం. డల్లాసులోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు "అక్కడి రోడ్లు చూడండి నాన్నా" అంటారు. అక్కడ ఊరి వాతావరణాన్ని బట్టి తారు ఎంచుతారు, తేడా అక్కడుంది.

వాతావరణం మారితే ఆ దేశాలకూ తిప్పలే. 2022 జూలై 18న ఇంగ్లండులో లూటన్ విమానాశ్రయం రన్‌వే మీది పొర ఎండకు ఒకచోట లేచిపోయి విమానాలు కొంతసేపు ఆగిపోయాయి. మర్నాడే ఆ దేశంలో మొట్టమొదటిసారి 40 డిగ్రీలు దాటింది. మనకు 40 అంటే మే నెలలో వింత కాదు.

అయితే గట్టి తారే వేసేస్తే సరిపోతుంది గదా అని మీరనవచ్చు. ఇక్కడే కోనసీమ చిక్కు. మన నేల ఒండ్రు, బంకమట్టి. కాలువలో నీళ్ళున్నప్పుడు ఉబుకుతుంది, కాలువ కట్టేయగానే ముడుచుకుని బీటలిస్తుంది. గట్టు రోడ్డు కింద నేల అలా కదులుతుంటే పైనున్న పొర కూడా కొంచెం వంగగలగాలి. వీజీ-40 లాంటి గట్టిదాన్ని 20 మిల్లీమీటర్ల పలచటి పొరగా వేస్తే వంగలేక చిట్లుతుంది. చిట్లిన చోట నీరు దిగుతుంది. ఎండ గట్టిదాన్ని అడుగుతుంది, మన మట్టి మెత్తనిదాన్ని అడుగుతుంది. కనుక ఒకే మందు అన్ని రోగాలకూ పనికిరాదు. జాతీయ రహదారి 216 మీద, లారీలు బరువుతో ఆగి ఉండే బస్టాండ్ల దగ్గర, వంతెనల వాలు దగ్గర గట్టి తారు ఉండాలి. ఆగిన బరువు కదిలే బరువు కంటె చెడ్డది, మెత్తబడిన తారు దాని కింద నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. కాలువ గట్టు మీది ఊరి రోడ్డుకు వీజీ-30 చాలు, గట్టును, బెర్మును బాగు చేయడం మీద డబ్బు పెట్టడం మంచిది. ఇది నా అభిప్రాయం. ఇంజనీర్లతో చాలాసార్లు మాట్లాడి ఏర్పరచుకున్నది.

తారు రకం కంటె తారు పాళ్ళు ఎక్కువ రోడ్లను పాడుచేశాయని కూడా నా నమ్మకం. జనంలో ఒక భ్రమ ఉంది: నల్లగా, జిడ్డుగా ఉంటే మంచి రోడ్డు, కంట్రాక్టరు ధర్మాత్ముడు. ఆవకాయ జాడీ అంచు దాకా నింపితే ఏమవుతుంది? నూనె పైకి తేలి కారుతుంది. రోడ్డు పొర లోపల నూటికి మూడు నుంచి అయిదు పాళ్ళు గాలి ఖాళీ ఉండాలి. వేడికి తారు వ్యాకోచించినప్పుడు అది ఒదగడానికి ఆ చోటు కావాలి. ఖాళీ లేకపోతే దానికి ఉన్న దారి పైకే. దాళ్వా ధాన్యం రోడ్డు మీద ఆరబోసినప్పుడు గింజలకు నల్ల మరకలంటి మిల్లువాడు ధర తగ్గించడం మనలో వ్యవసాయం ఉన్నవారికి తెలుసు. (రోడ్డు మీద ధాన్యం ఆరబోయడం తప్పు గదా అంటారు. తప్పే. కళ్ళాలన్నీ ఇళ్ళ స్థలాలైపోయాక రైతు ఎక్కడ ఆరబోస్తాడు? అది వేరే ఉపన్యాసం.)

అలా ఉబికిన చోటుకు పాత వైద్యం ఇసుక. సన్న ఇసుక కాదు, గరుకు ఇసుకో, క్రషరు రాతి పొడో. మిట్టమధ్యాహ్నం తారు మెత్తగా ఉన్నప్పుడే చల్లి రోలరు తిప్పాలి. సాయంత్రం చల్లబడ్డాక చల్లితే మర్నాటికి గాలికి పోతుంది. మా గ్యాంగు మేస్త్రీకి ఈ లెక్కలేవీ తెలియవు గాని ఇవన్నీ తెలుసు. బాయిలరు దగ్గర పొగ రంగు చూసి చెప్పేవాడు. ఒకసారి బాయిలరు కింద కట్టెలు ఎక్కువయి నీలంగా పొగ లేచింది. నేను డ్రమ్ముల లెక్కకు వెళ్ళి అక్కడే ఉన్నాను. "గుమస్తాగారూ, ఇది మాడిపోయిందండి. మాడిన పాకంతో అరిసెలు చేస్తే పళ్ళూడతాయండి, ఆయ్" అన్నాడు. ఆయన అన్నది నిజం. అతిగా కాచిన తారు సారం పోయి పెళుసవుతుంది. వీజీ-30కి 150 నుంచి 165 డిగ్రీల వేడి చాలు. థర్మామీటరు ఉంటే కట్టెలూ మిగులుతాయి, రోడ్డూ మిగులుతుంది.

ఇప్పుడు హాట్‌మిక్స్ ప్లాంట్లు వచ్చాయి, బాయిలర్లు తగ్గాయి. కాని వేసే వేళ సంగతి అలాగే ఉంది. ఎండలో మిశ్రమం త్వరగా చల్లారదు కనుక నింపాదిగా వేసుకోవచ్చని పనివారనుకుంటారు. అందులో కొంత నిజముంది. చలి దేశంలో రోలరు పరుగెత్తాలి, ఇక్కడ ఊపిరి తీసుకోవచ్చు. కాని మరీ వేడిగా ఉన్నప్పుడు రోలరు ఎక్కిస్తే మిశ్రమం అణగదు, చక్రం ముందు అలలా లేస్తుంది. అప్పుడు కాసేపు ఆగాలి. అలాగని 90 డిగ్రీల కిందికి దిగేదాకా ఆగితే ఇక బిగియదు. చక్రానికి తారు అంటుకుంటోందని కొందరు డీజిలు పూస్తారు. డీజిలు తారును కరిగిస్తుంది, వేసే చేత్తోనే రోడ్డును చెరపడం అది. చక్రం మీద నీళ్ళు చల్లుకుంటే చాలు.

ఇక అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో చెబుతాను. ఒక ఏప్రిల్‌లో, ఊరు పేరు చెప్పను, మెయిన్ రోడ్డు మీద మధ్యాహ్నం రెండింటికి పొర వేయడం ముగించారు. మర్నాడు సంత. కొబ్బరికాయల లారీలు సాయంత్రానికే వచ్చి నిలబడ్డాయి. ఊరి పెద్దలు వచ్చి "ఎంతసేపండీ ఈ తాడు?" అని గద్దించారు. తాడు విప్పేశారు. వేసవి సాయంత్రం గాలి చల్లగా అనిపించినా పొర లోపల వేడి దిగదు. తెల్లవారేసరికి రెండు చక్రాల జాడలు, లోతుగా, సరిగ్గా లారీ వెడల్పున. ఆ జాడల్లో వానకు నీళ్ళు నిలిచాయి. ఏడాది తిరక్కుండా గుంతలు పూడ్చడానికి ఎస్టిమేటు నా బల్ల మీదికి వచ్చింది. కంట్రాక్టరును తిట్టని నోరు లేదు. ఆ తాడు విప్పించినవారిలో పెన్షనర్లు కూడా ఉన్నారు.

ఇంక పనిచేసేవాళ్ళ సంగతి. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే దీనికోసం.

మా రోజుల్లో నామినల్ మస్టరు రోల్ రాసేది గుమాస్తాలం. కూలీలు వేలిముద్ర వేసేవారు. తారు పనిలో చాలా ఏళ్ళున్న వాళ్ళ వేలిముద్ర సరిగా పడేది కాదు. కంకరకు అరిగి, వేడికి కాలి, బొటనవేలి గీతలు మాసిపోయేవి. నల్లటి చుక్క ఒకటి పడేది. ఆ చుక్క ఎవరిదో మేస్త్రీ చెబితేనే తెలిసేది. ఆడకూలీలు వేడి మిశ్రమం తట్టల్లో మోసేవారు. కాళ్ళకు గోనెగుడ్డలు చుట్టుకునేవారు. మన కోనసీమ ఎండ రాయలసీమ ఎండ లాంటిది కాదు, సముద్రం దగ్గర కాబట్టి ఉక్క. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. పైన మే నెల సూర్యుడు, కింద 140 డిగ్రీల తారు. ఒక మే నెలలో ఒకావిడ పని దగ్గర తూలి కూలబడింది. చెట్టు కింద పడుకోబెట్టి నీళ్ళు చల్లారు. తరువాత నాలుగు రోజులు ఆమె పేరుకెదురుగా గైరుహాజరు గీత పెట్టాను. ఐదో రోజు మస్టరులో ఆ పేరు తీసేశారు. వడదెబ్బ అని ఊళ్ళో అనుకున్నారు. మస్టరులో కారణం రాయడానికి గడి లేదు. ఆమె పిల్లలకు నాలుగు రోజుల ముందు వరకు జరిగిన కూలి ముట్టింది. అంతకుమించి నా రిజిస్టర్లలో ఏమీ లేదు.

2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండ తగ్గబోవడం లేదు. పని వేళలైనా మార్చుకోవాలి. తెల్లవారుజామున మొదలుపెట్టి పదిన్నరకు ఆపడం, మళ్ళీ నాలుగు దాటాక మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. ప్లాంటు తెల్లవారుజామున వెలిగించాలి, సాయంత్రం దీపాలు పెట్టాలి. ఆ ఖర్చు ఎస్టిమేటులో ముందే చూపితే సరి. సాయంత్రం వేసిన రోడ్డుకు రాత్రంతా చల్లారే వ్యవధి కూడా దొరుకుతుంది, మనిషికీ రోడ్డుకీ మేలు ఒక్కటే. మామూలు కంటె 20, 30 డిగ్రీలు తక్కువ వేడితో కలిపే వార్మ్ మిక్స్ పద్ధతి ఇప్పుడుంది. అసలు వేడే అక్కర్లేని ఎమల్షన్ పద్ధతి ఊరి రోడ్లకు పనికొస్తుంది. మదురై ఆచార్యులు ఆర్. వాసుదేవన్ గారు వాడి పారేసిన ప్లాస్టిక్‌ను వేడి కంకరకు పూతగా వేసే పద్ధతి కనిపెట్టారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ పూత వల్ల రోడ్డు ఎండకు తొందరగా మెత్తబడదంటారు. మన కాలువల్లో తేలే ప్లాస్టిక్ చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తారు.

2022 ఏప్రిల్‌లో మనకు జిల్లా వచ్చింది. ఇంతకుముందులా కాకినాడ బస్సెక్కనక్కర్లేదు, కలెక్టరాఫీసు అమలాపురంలోనే ఉంది. సోమవారం అర్జీలు తీసుకుంటారు. మన సంఘం తరఫున ఇవ్వబోయే మెమొరాండంలో డి.ఆర్. బకాయిల తరువాత రెండు పేరాలు చేర్చమని కార్యదర్శిగారిని కోరాను, వారు ఒప్పుకున్నారు. ఏప్రిల్, మే నెలల్లో తారు పనులు పదిన్నర నుంచి నాలుగింటి దాకా ఆపాలని, పని దగ్గర నీడ, మంచినీళ్ళు ఉండాలని మొదటిది. కొత్త పొర పూర్తిగా చల్లారేదాకా తాడు విప్పరాదని, ఎప్పుడు విప్పుతారో బోర్డు మీద రాసి పెట్టాలని రెండోది. ఆ రెండో పేరాకు సంతకం పెట్టేవారు, వచ్చే వేసవిలో తమ వీధిలో తాడు కట్టినప్పుడు ఒక రాత్రి చుట్టు తిరిగి ఇంటికి వెళ్ళడానికి ఒప్పుకున్నట్టే. అది చదువుకుని మరీ పెట్టండి.

కాగితం భోజనాల హాలు గుమ్మం పక్కన బల్ల మీద ఉంది. కలం నేనే పెట్టాను, దయచేసి పట్టుకుపోకండి.